ఆసుపత్రి జీతాల లెక్క: న్యూజిలాండ్‌లో పేరోల్ పని, పేస్లిప్ వెనుక సంగతులు

ఆసుపత్రి అనగానే మనకు డాక్టర్లు, నర్సులు గుర్తొస్తారు. వాళ్లందరికీ రెండు వారాలకోసారి జీతం సరిగ్గా పడేలా చూసే మనుషులు ఎవరికీ గుర్తురారు. జీతం తేడా వచ్చిన రోజున మాత్రం అందరూ వాళ్లకే ఫోన్ చేస్తారు. న్యూజిలాండ్‌లో మనవాళ్లు నర్సులుగా, కేర్‌గివర్లుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగానే కాకుండా ఈ పేరోల్ విభాగాల్లో, జీతాల సాఫ్ట్‌వేర్ సపోర్టులో కూడా పని చేస్తున్నారు. ఆ ఉద్యోగం చేయాలనుకునేవారికీ, ఆసుపత్రిలో జీతం తీసుకునేవారికీ పనికొచ్చే సంగతులు ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

ముందుగా ఒక మాట. ఆసుపత్రి పేరోల్‌లో పన్ను లెక్క అంత కష్టం కాదు. దానికి శ్లాబులు ఉన్నాయి, సూత్రం ఉంది, సాఫ్ట్‌వేర్ చేసేస్తుంది. కష్టమంతా ఆ లెక్కలోకి వెళ్లే గంటలు, సెలవులు, షిఫ్టుల దగ్గరే ఉంది. ఈ దేశంలో ఆసుపత్రి ఉద్యోగులకు జరిగిన అతి పెద్ద జీతాల పొరపాటు కూడా అక్కడే మొదలైంది.

పన్ను ఎలా కోస్తారు?

ఇక్కడ జీతం మీద పన్నును పే యాజ్ యు ఎర్న్ పద్ధతిలో, అంటే పీఏవైఈగా, యజమానే కోసి ఇన్‌లాండ్ రెవెన్యూ శాఖకు కడతారు. ఈ పద్ధతి 1958 నుంచి ఉంది. మన టీడీఎస్ లాంటిదే. పన్ను సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు.

తేడా ఏమిటంటే, ఇండియాలో ఆఫీసు వాళ్లు ఏడాది మొత్తం జీతం అంచనా వేసి, ఎల్ఐసీ, పీఎఫ్, ఇంటి లోన్ కాగితాలు తీసుకుని నెలకింత అని కోస్తారు. ఇక్కడ ఆ కాగితాల గొడవ లేదు. ఏ జీతానికి ఆ జీతమే. ఈ పక్షం ఎంత వచ్చిందో చూసి, ఏడాదంతా అలాగే వస్తుందన్న లెక్కన పన్ను కోస్తారు.

2024 జులై 31 నుంచి అమల్లోకి వచ్చిన శ్లాబులు ఇవి. ఏడాదికి 15,600 డాలర్ల వరకు 10.5 శాతం. అక్కడి నుంచి 53,500 వరకు 17.5 శాతం. 78,100 వరకు 30 శాతం. 1,80,000 వరకు 33 శాతం. ఆపైన 39 శాతం.

ఉదాహరణకు ఏడాదికి 80,000 డాలర్లు వచ్చే నర్సును తీసుకుందాం. మొదటి శ్లాబులో 1,638, రెండో దాంట్లో 6,632.50, మూడో దాంట్లో 7,380, మిగిలిన 1,900 మీద 627. మొత్తం 16,277.50 డాలర్లు. పాత శ్లాబుల ప్రకారం ఇదే జీతానికి 17,320 పడేది.

ఆ మార్పు పేరోల్ వాళ్లకు ఎందుకు గుర్తుండిపోయిందంటే, అది ఏప్రిల్ 1న కాకుండా సంవత్సరం మధ్యలో, అదీ ఒక బుధవారం నాడు వచ్చింది. పని ఏ తేదీల్లో చేశారన్నది కాదు, జీతం ఏ తేదీన ఇచ్చారన్నదే లెక్క. జులైలో చేసిన పనికి జులై 31న జీతం ఇస్తే కొత్త రేటు, 30న ఇస్తే పాత రేటు. సాఫ్ట్‌వేర్‌లో ఆ అప్‌డేట్ ఒక్క రోజు అటూ ఇటూ అయినా వేల మందికి తప్పు పన్ను పడుతుంది.

పన్నుతో పాటు ఏసీసీ లెవీ ఉంటుంది. ప్రమాదాల్లో గాయపడ్డవారికి వైద్యం, పరిహారం ఇచ్చే పథకానికి ఇది మన వాటా. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు ఇది జీతంలో 1.67 శాతం. ఈ రేటు మారుతూ ఉంటుంది, అందుకే మార్చి నెలాఖరు పేరోల్ వాళ్లకు పరీక్షల సీజన్ లాంటిది.

ఆ తర్వాత కివీసేవర్. 2007లో మొదలైన ఈ పొదుపు పథకం మన పీఎఫ్‌కు దగ్గరి చుట్టం. ఉద్యోగి, యజమాని చెరో కనీస వాటా వేయాలి. అది 3 శాతంగా ఉండేది. 2025 బడ్జెట్‌లో దాన్ని 2026 ఏప్రిల్ 1 నుంచి 3.5 శాతానికి, 2028 ఏప్రిల్ 1 నుంచి 4 శాతానికి పెంచాలని నిర్ణయించారు. వర్క్ వీసా మీద తాత్కాలికంగా ఉన్నవారు ఇందులో చేరలేరు. రెసిడెన్స్ రాగానే చేరవచ్చు. వీసా మారిన సంగతి పేరోల్‌కు చెప్పకుండా నెలల తరబడి యజమాని వాటా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ఒక్క ఈమెయిల్ మరిచిపోకండి.

ట్యాక్స్ కోడ్ చిన్నదే, దెబ్బ పెద్దది

ఉద్యోగంలో చేరిన రోజున ఐఆర్ 330 అనే ఫారం ఇస్తారు. అందులో మీ ఐఆర్‌డీ నంబరు, ట్యాక్స్ కోడ్ రాయాలి. అది ఇవ్వకపోతే నేరుగా 45 శాతం పన్ను కోస్తారు. కొత్తగా వచ్చినవాళ్ల మొదటి జీతం సగానికి సగం తగ్గిందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఒకే ఉద్యోగం ఉంటే మామూలుగా ఎం కోడ్. ఇక్కడి స్టూడెంట్ లోన్ ఉంటే ఎం ఎస్ఎల్. రెండో ఉద్యోగానికి వేరే కోడ్ పెట్టాలి. పగలు ఆసుపత్రిలో, వారాంతంలో రెస్ట్ హోమ్‌లో చేసేవారు మనలో చాలామందే ఉన్నారు. "రెండో ఉద్యోగానికి పన్ను ఎక్కువ కోస్తారంట కదన్నా" అని అడుగుతుంటారు. రెండో ఉద్యోగానికి ప్రత్యేక పన్ను ఏమీ లేదు. మొదటి శ్లాబులన్నీ మొదటి ఉద్యోగంలోనే వాడేసుకున్నారు కాబట్టి, రెండో దానికి మీ మొత్తం ఆదాయం ఏ శ్లాబులో పడుతుందో ఆ రేటు వేస్తారు.

ఆసుపత్రిలో 60,000, రెస్ట్ హోమ్‌లో 12,000 వస్తున్నాయి అనుకుందాం. మొత్తం 72,000. రెండో ఉద్యోగానికి ఎస్‌హెచ్ కోడ్, అంటే 30 శాతం పెట్టాలి. తక్కువ కోస్తారు కదా అని 17.5 శాతం ఉండే ఎస్ కోడ్ పెడితే, ఆ 12,000 మీద 1,500 డాలర్లు తక్కువ కట్టినట్టు. మార్చి 31 తర్వాత ఇన్‌లాండ్ రెవెన్యూ తానే లెక్క తేల్చి, ఆ బాకీ మీ ముందు పెడుతుంది. అప్పటికి ఆ డబ్బు ఇంటికి పంపేసి ఉంటాం.

జీతం రోజు వెనుక ఏం జరుగుతుంది?

2019 ఏప్రిల్ 1 నుంచి పేడే ఫైలింగ్ తప్పనిసరి అయింది. అంతకుముందు నెలకోసారి పంపే వివరాలు, ఇప్పుడు జీతం ఇచ్చిన ప్రతిసారీ రెండు పనిదినాల్లోగా ఆన్‌లైన్‌లో పంపాలి. ఇండియాలో మూడు నెలలకోసారి 24క్యూ వేసిన అలవాటుతో వచ్చినవాళ్లకు ఈ వేగం మొదట్లో కొత్తగా ఉంటుంది. ఏడాదికి 5 లక్షల డాలర్లకు మించి పీఏవైఈ కట్టే పెద్ద యజమానులు డబ్బును నెలకు రెండుసార్లు కట్టాలి. 1 నుంచి 15వ తేదీ వరకు కోసింది 20న, మిగతాది వచ్చే నెల 5న.

పేరోల్ చక్రం ఇలా తిరుగుతుంది. ముందు వార్డు మేనేజర్లు రోస్టర్‌ను, టైమ్‌షీట్లను ఖాయం చేస్తారు. ఆ గంటలు రోస్టర్ సాఫ్ట్‌వేర్ నుంచి పేరోల్ సాఫ్ట్‌వేర్‌లోకి వస్తాయి. అక్కడ తేడాల రిపోర్టు తీస్తారు: గంటలే లేనివాళ్లు, ఒకే రోజు రెండు షిఫ్టులు పడ్డవాళ్లు, పోయిన పక్షంతో పోలిస్తే జీతం బాగా పెరిగినవాళ్లు, తగ్గినవాళ్లు. వాటిని ఒక్కొక్కటిగా సరిచేసి, ట్రయల్ పే నడిపి, మరొకరు సంతకం చేశాకే బ్యాంకు ఫైలు వెళ్తుంది. జీతం మార్చే మనిషి, ఆమోదించే మనిషి ఒకరే కాకూడదన్నది ఇందులో మొదటి నియమం.

సాఫ్ట్‌వేర్ సపోర్టులో ఉన్నవారి పని ఈ గొలుసులో ఎక్కడ తెగిందో పట్టుకోవడం. ఒక నర్సు "నా నైట్ అలవెన్సు రాలేదు" అంటే, ఆమె షిఫ్టు రోస్టర్‌లో తప్పు పడిందా, ఫైలు దిగుమతిలో ఆగిందా, పే కోడ్‌లో నియమం తప్పుందా అని వెనక్కి నడుచుకుంటూ వెళ్లాలి. ఆ ఒక్కరికి చేత్తో సరిచేసి టికెట్ మూసేయడం తేలిక. అదే నియమం కింద ఇంకెంతమంది ఉన్నారని వెతకడమే అసలు పని.

ఆసుపత్రి గడియారం వేరు

ఆఫీసు ఉద్యోగికి తొమ్మిది నుంచి ఐదు. ఆసుపత్రికి 24 గంటలూ పనే. ఫిబ్రవరి 5 రాత్రి 11కి డ్యూటీ ఎక్కి, 6 ఉదయం 7కి దిగిన నర్సు సంగతి చూడండి. ఫిబ్రవరి 6 వైటాంగి డే, ప్రభుత్వ సెలవు. గంటకు 40 డాలర్లు అనుకుంటే, మొదటి గంటకు 40. సెలవు రోజులో పడిన ఏడు గంటలకు ఒకటిన్నర రెట్లు, అంటే 60 చొప్పున 420. మొత్తం 460. దీనికి తోడు, అది ఆమె మామూలుగా పని చేసే రోజే అయితే మరో రోజు జీతంతో సెలవు కూడా ఇవ్వాలి. ఆమె ఒప్పందంలో ఇంతకంటే మంచి రేటు ఉంటే అదే వర్తిస్తుంది. రాత్రి షిఫ్టుల వారికి సెలవును వేరే 24 గంటలకు మార్చుకునే ఒప్పందాలకూ చట్టంలో చోటుంది.

గడియారాలు మార్చే రోజులు మరో తలనొప్పి. సెప్టెంబరు చివరి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలను 3 చేస్తారు. ఆ రాత్రి షిఫ్టు ఏడు గంటలే. ఏప్రిల్ మొదటి ఆదివారం 3 గంటలను 2 చేస్తారు. ఆ రాత్రి తొమ్మిది గంటలు. రోగి పక్కన నిలబడ్డ ఆ తొమ్మిదో గంట టైమ్‌షీట్‌లో కనిపించదు. దాన్ని సాఫ్ట్‌వేర్‌కు నేర్పాల్సింది మనుషులే.

సెలవు జీతం: కొన్నేళ్లు ఎవరికీ కనిపించని తప్పు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హాలిడేస్ యాక్ట్ 2003 ప్రకారం ఏడాదికి నాలుగు వారాల సెలవు హక్కు. ఆ సెలవులో వారానికి ఎంత ఇవ్వాలి? రెండు లెక్కలు వేయాలి. ఒకటి, సెలవుకు వెళ్లే ముందు మీ మామూలు వారం జీతం. రెండు, గడిచిన 12 నెలల మొత్తం సంపాదనను 52తో భాగిస్తే వచ్చే సగటు. ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి.

ఒక నర్సుకు మామూలు వారం జీతం 1,500. అప్పుడప్పుడు చేసిన ఓవర్‌టైమ్, ఎక్స్‌ట్రా షిఫ్టులు కలిపి ఏడాదిలో వచ్చింది 93,600. దాన్ని 52తో భాగిస్తే 1,800. సెలవు వారానికి 1,800 ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ 1,500 మాత్రమే ఇచ్చిందనుకోండి. వారానికి 300, నాలుగు వారాలకు 1,200. పేస్లిప్‌లో ఏ తప్పూ కనిపించదు. పన్ను కూడా ఆ 1,500 మీద సరిగ్గానే కోసి ఉంటారు. సెలవు మీద ఉన్న మనిషికి అనుమానం రాదు. ఇలా పదేళ్లు గడిస్తే ఒక్కరికే 12,000.

చట్టంలో "వారం", "మామూలుగా పని చేసే రోజు" అన్న మాటలు సోమవారం నుంచి శుక్రవారం వరకు పని చేసేవారికి సులువే. ఈ వారం నాలుగు నైట్లు, వచ్చే వారం రెండు పగళ్లు చేసేవారికి వాటి అర్థం ఏమిటి? సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఒక సెట్టింగు పెట్టారు, అది అలాగే నడిచింది. 2010ల మధ్యలో ఈ తప్పు ప్రభుత్వ శాఖల్లో, పెద్ద సంస్థల్లో ఒక్కటొక్కటిగా బయటపడింది. అప్పటికి దేశంలో 20 జిల్లా హెల్త్ బోర్డులు ఉండేవి. వాటిలో ఒప్పందాలు, పేరోల్ వ్యవస్థలు, అలవాట్లు రకరకాలు. యూనియన్లు, లేబర్ ఇన్‌స్పెక్టరేట్‌తో కలిసి బోర్డులు పాత లెక్కలు తవ్వడం మొదలుపెట్టాయి. 2022 జులై 1న ఆ బోర్డులన్నీ కలిసి హెల్త్ న్యూజిలాండ్, టె ఫాటు ఓరా అయ్యాయి. బాకీ కూడా కొత్త సంస్థకే వచ్చింది. 2010 మే 1 నుంచి పని చేసినవారి రికార్డులను తిరగతోడి, ప్రాంతాల వారీగా డబ్బు చెల్లించే ఈ కార్యక్రమం ఖర్చు బిలియన్ డాలర్లు దాటింది. అందులో ఇప్పటి ఉద్యోగులే కాదు, మానేసి వెళ్లిపోయినవారూ ఉన్నారు. ఇక్కడ కొన్నేళ్లు చేసి ఆస్ట్రేలియా వెళ్లిన మన నర్సులు కూడా ఉండవచ్చు. అలాంటివారు హెల్త్ న్యూజిలాండ్ వెబ్‌సైట్ చూసి, తమ ఇప్పటి వివరాలు అందజేయడం మంచిది.

ఇలాంటి బకాయి ఒకేసారి వచ్చినప్పుడు "పన్ను విపరీతంగా కోశారు" అనిపిస్తుంది. దానికి లెక్క వేరు. గత నాలుగు వారాల జీతాన్ని 13తో గుణించి, దానికి బకాయి కలిపి, ఆ మొత్తం ఏ శ్లాబులో పడితే ఆ రేటు బకాయి అంతటికీ వేస్తారు. నాలుగు వారాల జీతం 5,600 అయితే ఏడాదికి 72,800. బకాయి 9,000 కలిపితే 81,800. 78,100 దాటింది కాబట్టి 9,000 మీద 33 శాతం, అంటే 2,970 కోస్తారు. ఏడాది చివర నిజమైన ఆదాయం కూడా అంతే తేలితే, ఆ బకాయి మీద పడాల్సింది 2,811. మిగిలిన 159 తిరిగి వస్తుంది.

చరిత్ర చెప్పిన పాఠాలు

ఇది ఒక్క న్యూజిలాండ్ కథే కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ హెల్త్ 2010 మార్చిలో కొత్త జీతాల సాఫ్ట్‌వేర్‌కు మారింది. వేలమందికి తక్కువ జీతం పడింది, కొందరికి అసలు పడలేదు. 2013లో ఒక విచారణ కమిషన్ దాన్ని పరిశీలించింది. మొత్తం భారం సుమారు 1.2 బిలియన్ ఆస్ట్రేలియన్ డాలర్లని తేలింది. న్యూజిలాండ్‌లోనే 2012 ఆగస్టులో టీచర్ల జీతాల కోసం మొదలైన నోవోపే కూడా అలాగే తడబడి, 2014లో ప్రభుత్వ సంస్థ చేతికి వెళ్లింది. రెండు చోట్లా ఒకే పాఠం: కొత్త సాఫ్ట్‌వేర్‌ను పాతదానితో పక్కపక్కన నడిపి, ప్రతి మనిషి జీతం పోల్చి చూడకుండా మారకూడదు.

మరో ముప్పు బయటి నుంచి వస్తుంది. 2021 మేలో వైకాటో ఆసుపత్రుల కంప్యూటర్లను రాన్సమ్‌వేర్ దాడి స్తంభింపజేసింది. అదే ఏడాది డిసెంబరులో క్రోనోస్ అనే టైమ్‌షీట్ సంస్థ మీద జరిగిన దాడితో అమెరికాలో ఎన్నో ఆసుపత్రులు గంటలను కాగితాల మీద లెక్కపెట్టుకున్నాయి. అందుకే కంప్యూటర్ ఆగినా జీతం ఆగకుండా ఉండే ఏర్పాటు పేరోల్ విభాగాల్లో ఉండాలి.

ఈ ఉద్యోగంలోకి రావాలంటే

ఇండియాలో టాలీ, టీడీఎస్, పీఎఫ్, ఈఎస్ఐ చూసిన అనుభవం పనికొస్తుంది. కానీ దాన్ని ఇక్కడి భాషలోకి మార్చుకోవాలి. హాలిడేస్ యాక్ట్‌ను చదవండి. ఒక ఆసుపత్రి ఉద్యోగుల సామూహిక ఒప్పందాన్ని మొత్తం చదవండి. న్యూజిలాండ్ పేరోల్ ప్రాక్టీషనర్స్ అసోసియేషన్ కోర్సులు, సర్టిఫికెట్లు ఉన్నాయి. ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్ పేర్లకంటే "ఈ సెలవు జీతం ఎలా లెక్కిస్తావు" అన్న ప్రశ్నే మనిషిని పట్టిస్తుంది.

ఇంకో మాట, మనవాళ్ల మధ్య చెప్పాల్సింది. ఇక్కడ మన సమాజం చిన్నది. "ఫలానా వాళ్ల అబ్బాయికి ఎంతిస్తున్నారో చూసి చెప్పు" అని ఉగాది భోజనాల దగ్గర అడిగేవారు ఉంటారు. చూడకూడదు, చెప్పకూడదు. ప్రైవసీ యాక్ట్ 2020 ఉంది, ఎవరు ఏ రికార్డు తెరిచారో సిస్టమ్‌లో నమోదవుతుంది. అలాగే బ్యాంకు అకౌంటు మార్చమని ఈమెయిల్ వస్తే, ఆ మనిషికి ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా మార్చకూడదు. అలాంటి దొంగ మెయిళ్లు సాధారణం.

జీతం తీసుకునేవారు ఏం చేయాలి?

మీ షిఫ్టులను మీరే ఒక డైరీలోనో ఫోన్‌లోనో రాసుకోండి. ప్రతి పేస్లిప్‌లో ట్యాక్స్ కోడ్, గంటలు, అలవెన్సులు, సెలవు నిల్వ చూసుకోండి. సెలవుకు వెళ్లొచ్చాక ఆ వారం జీతాన్ని ఏడాది సగటుతో పోల్చండి. యజమాని సెలవు, జీతం రికార్డులను ఆరేళ్లు దాచాలి, మీరు అడిగితే చూపించాలి. అడగడం మీ హక్కు. దాన్ని గొడవగా ఎవరూ అనుకోరు. పొరపాటున ఎక్కువ పడితే ఖర్చు పెట్టకుండా వెంటనే చెప్పండి. ఎలా తిరిగి కట్టాలో రాతపూర్వకంగా మాట్లాడుకోండి.

2025 సెప్టెంబరులో ప్రభుత్వం హాలిడేస్ యాక్ట్ స్థానంలో కొత్త చట్టం తెస్తామని ప్రకటించింది. ఆ ప్రతిపాదనలో సెలవులు వారాల్లో కాకుండా, పని చేసిన గంటలను బట్టి మొదటి రోజు నుంచే జమ అవుతాయి. లెక్క తేలికవుతుంది. కానీ పాత నిల్వలను కొత్త పద్ధతిలోకి మార్చే రోజున మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది: ఈ మనిషికి వారం అంటే ఎన్ని గంటలు? ఆ జవాబును సాఫ్ట్‌వేర్ తనంతట తాను కనిపెట్టలేదు. ఆ వార్డులో రాత్రంతా మేలుకున్న మనిషిని అడిగి తెలుసుకోవాలి. పేరోల్‌లో కూర్చున్నవాళ్లు అది అడిగితే, ఏటా సెలవుకు ఇంటికి వెళ్లే నర్సు జేబులో చేరాల్సిన డబ్బు చేరుతుంది.